ఓడిపోతే తిట్టని ఆట

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. పోయిన సంక్రాంతికి మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ వాడికి నింటెండో స్విచ్ తెచ్చాడు. పండగ మూడు రోజులూ ఇంట్లో ముగ్గుల కంటే దాని సందడే ఎక్కువైంది. ఆ తర్వాత వచ్చిన యూనిట్ టెస్ట్‌లో లెక్కల మార్కులు చూసి, మనలో చాలామంది తల్లులు చేసే పనే నేనూ చేశాను. స్విచ్‌ని గుడ్డలో చుట్టి బీరువా పైఅరలో పెట్టేశాను. "మార్కులు పెరిగాకే కిందికి దిగుతుంది" అని చెప్పాను.

రెండు వారాల తర్వాత ఆ లెక్కల పేపర్ తీసి నిదానంగా చూశాను. వాడు రాసిన జవాబుల్లో తప్పులు పెద్దగా లేవు. మార్కులు పోయింది వదిలేసిన ప్రశ్నల దగ్గర. నాలుగు ఆప్షన్లలో రెండింటిని కొట్టేసి, మిగిలిన రెండింటి పక్కన పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, చివరికి ఏదీ గుర్తించకుండా వదిలేశాడు. ఇలాంటివి ఆరున్నాయి.

"ఇంతవరకూ వచ్చి రాయలేదేం నాన్నా?" అని అడిగాను.

"తప్పయితే మైనస్ కదమ్మా" అన్నాడు.

వాడి సమస్య ఆట కాదని నాకు అప్పుడు అర్థమైంది. వాడికి తప్పంటే భయం పట్టుకుంది. ఆ భయంలో నా వాటా కూడా ఉంది. ప్రతి పేపర్ చూసినప్పుడూ నా నోట వచ్చే మొదటి ప్రశ్న "ఎక్కడ పోయాయి?" అనేదే. బీరువా తెరిచి స్విచ్ కిందికి దించాను. ఈసారి వాడి పక్కనే కూర్చున్నాను. మేమిద్దరం కలిసి ఆడిన ఆట గురించే ఈ నెల నా మాట.

కుందేళ్లు, మీసాల మారియో

ఆట పేరు 'మారియో ప్లస్ రాబిడ్స్ కింగ్‌డమ్ బ్యాటిల్'. 2017 ఆగస్టులో వచ్చింది. ఎర్రటోపీ మారియో మనలో చాలామందికి చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ నుంచే తెలుసు. రాబిడ్స్ అంటే పెద్ద పళ్లతో, పిచ్చి అరుపులతో గెంతే కుందేళ్లు. ఇవి 2006లో యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ ఆటతో పుట్టాయి. జపాన్ నింటెండో హీరోనూ ఫ్రెంచి కుందేళ్లనూ ఒకే కథలో కలిపారు. మన సినిమా భాషలో చెప్పాలంటే మల్టీస్టారర్. ఇలా రెండు వేర్వేరు ఆటల లోకాలు కలవడాన్ని క్రాస్ఓవర్ అంటారు.

ఈ కలయిక వార్త ముందే బయటికి పొక్కినప్పుడు ఆటల అభిమానులు చాలామంది నవ్వారు. మారియో చేతిలో తుపాకీ లాంటి ఆయుధమేమిటి, పక్కన ఈ కుందేళ్లేమిటి అన్నారు. 2017 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో మారియో సృష్టికర్త షిగెరు మియామోటో స్వయంగా వేదికెక్కి ఆటను పరిచయం చేశారు. ఆట డైరెక్టర్, ఇటలీకి చెందిన డావిడే సొలియాని అప్పుడు ప్రేక్షకుల్లో ఉన్నారు. వేదిక మీద తన పేరు వినబడగానే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కెమెరాలు ఆ దృశ్యాన్ని పట్టుకున్నాయి. మా వాడు నాకు ఆ వీడియో చూపించి "అందరూ నవ్వారమ్మా, అయినా తీశాడు" అన్నాడు. ఆ మాట వాడి నోట వినడం నాకు బాగా నచ్చింది.

వేళ్ల వేగం కాదు, ఆలోచన

వీడియో గేమ్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది బటన్లు టకటకా నొక్కుతూ, కళ్లార్పకుండా, పిలిచినా పలకని పిల్లాడు. ఇది ఆ రకం కాదు. ఇది వంతుల ఆట. మన వంతు వచ్చినప్పుడు ఎంతసేపు ఆలోచించినా ఎవరూ తొందరపెట్టరు. చదరంగంలాగా నేల గళ్లుగళ్లుగా ఉంటుంది. మన జట్టులో ముగ్గురు. ఒక్కొక్కరికి వంతులో మూడు పనులు: కదలడం, ఆయుధం వాడటం, తమకున్న ప్రత్యేక విద్య వాడటం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మన ఇష్టం. ఆట మొత్తం ఆ వరసలోనే ఉంది.

జట్టు ఎంపికకు రెండు నియమాలు. మారియో తప్పనిసరి. కనీసం ఒక కుందేలు ఉండాలి. లూయీజీ దూరం నుంచి గురి పెడతాడు. మారియో వేషం వేసిన కుందేలుకు దగ్గరి పోరు బలం. పీచ్ యువరాణి వేషంలో ఉన్న కుందేలు ఎప్పుడూ సెల్ఫీలు తీసుకుంటూ ఉంటుంది, కానీ దెబ్బలు తగిలిన వాళ్లకు వైద్యం కూడా చేస్తుంది. ఒకరి భుజాల మీద నుంచి ఇంకొకరు ఎగిరి మామూలుగా అందని చోటికి చేరవచ్చు. మొదటి రోజు మా వాడు మారియోను ఒంటరిగా ముందుకు తోశాడు. మూడు వైపుల నుంచి దెబ్బలు తిని ఓడిపోయాడు.

మా అత్తగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. కళ్లద్దాలు సర్దుకుని తెర వైపు చూసి, "ఇది మన పులి-మేకే కదరా! ఒంటరిగా పోయిన మేకను పులి మింగదూ? పక్కన తోడుంటేనే బతికేది" అన్నారు. మా వాడు ఆమె వైపు తిరిగి "నానమ్మా, నీకెలా తెలుసు?" అన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురం చుట్టూ కూర్చుని ఆడాం. ఒక ఆటలో మా ఇంట్లో మూడు తరాలు కలవడం అదే మొదటిసారి.

యాభై శాతం సంగతి

నన్ను ఆకట్టుకున్న అసలు విషయం ఇక్కడుంది. ఈ రకం ఆటల్లో గురి తగులుతుందా లేదా అన్నది శాతాల్లో చూపిస్తారు. కొన్ని ఆటల్లో 63, 78 అంటూ చిల్లర అంకెలు కనిపిస్తాయి. ఇక్కడ మూడే అంకెలు. శత్రువు పూర్తి గోడ చాటున ఉంటే సున్నా. సగం గోడ చాటున ఉంటే యాభై. ఎదురుగా దొరికితే వంద. పిల్లలకు సంభావ్యత అనే పాఠం ఇంతకంటే సులువుగా చెప్పడం కష్టం.

మొదట్లో మా వాడు యాభై చూపించిన ప్రతిసారీ ఆగిపోయేవాడు. కొట్టకుండా వంతు వదిలేసేవాడు. అచ్చం పరీక్షలో చేసినట్టే. నాలుగైదు పోరాటాలు ఓడిపోయాక ఒక రోజు తనే అన్నాడు: "అమ్మా, యాభై ఉందని ఊరుకోకూడదు. ముందు పక్కకి జరిగి వంద అవుతుందేమో చూడాలి. అవకపోతే యాభైతోనే కొట్టాలి. తగలకపోయినా మనకేం పోదు కదా."

నేను వెంటనే వాడి పాత పేపర్ తెచ్చాను. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి మైనస్. రెండు ఆప్షన్లు కొట్టేశాక మిగిలినవి రెండు. అంటే యాభై శాతం. అలాంటి రెండు ప్రశ్నలు రాస్తే, సగటున ఒకటి ఒప్పవుతుంది, ఒకటి తప్పవుతుంది. నాలుగు వచ్చి ఒకటి పోతుంది. మిగిలేది మూడు. ప్రశ్నకు ఒకటిన్నర చొప్పున లాభం. వదిలేస్తే వచ్చేది సున్నా. వాడు కాసేపు కాగితం వైపు చూసి, "ఆరు వదిలేశాను" అన్నాడు. లెక్క వేసి చెప్పాల్సిన అవసరం నాకు రాలేదు.

ఓడిపోవడానికి వెల లేని చోటు

ఈ ఆటలో ఓడిపోతే ఎవరూ తిట్టరు. పోరు మళ్లీ మొదలవుతుంది, అంతే. హీరోలకు నేర్పిన విద్యలు నచ్చకపోతే, పెట్టిన పాయింట్లన్నీ పైసా నష్టం లేకుండా వెనక్కి తీసుకుని వేరే విధంగా పెట్టుకోవచ్చు. మరీ కష్టమనిపిస్తే పోరుకు ముందు సులువు పద్ధతి ఎంచుకోవచ్చు. దానికి హేళన లేదు. గెలిచాక ఎన్ని వంతుల్లో గెలిచాం, అందరూ క్షేమంగా ఉన్నారా అన్నదాన్ని బట్టి ఆట ఒక గ్రేడ్ ఇస్తుంది. కానీ ఆ గ్రేడ్‌ను పక్కింటి పిల్లాడి గ్రేడ్‌తో పోల్చదు.

మన పిల్లలకు వారంలో ఇలాంటి చోటు ఎన్ని గంటలు దొరుకుతోందో ఒక్కసారి లెక్కేయండి. స్కూల్లో వీకెండ్ టెస్ట్, దాని ర్యాంకు. ఇంటికొస్తే మన ఫోన్‌కు మెసేజ్, దాని మీద చర్చ. బంధువులొస్తే "ఎంతొచ్చాయి?" ఫీజులు కడుతున్నాం కాబట్టి ఫలితం అడగడం తప్పు కాదు. నేనూ అడుగుతాను. కానీ తప్పు చేయడానికి చోటే లేకపోతే పిల్లాడు తప్పు మానేయడు. ప్రయత్నం మానేస్తాడు. మా వాడు వదిలేసిన ఆరు ప్రశ్నలూ నాకు చెప్పింది అదే.

లోపాలు కూడా చెప్పాలి

ఆట నచ్చింది కదా అని దాని లోపాలు దాచను. మొదటిది, చదవాల్సినదంతా ఇంగ్లిష్‌లోనే. పెద్ద పిల్లలకు అది మేలే కావచ్చు. చిన్నవాళ్లకు పక్కన ఒకరు ఉండాలి. అమెరికా రేటింగ్ సంస్థ దీన్ని పదేళ్లు దాటిన వాళ్లకని చెప్పింది. నా అనుభవంలో కూడా అదే సరైన వయసు. రెండోది, కుందేళ్ల గోల. మొదటి గంట నవ్వొస్తుంది, తర్వాత తలనొప్పి వస్తుంది. మూడోది, చేతిలో ఆయుధాలున్నాయి. నెత్తురు కనిపించదు, అంతా కార్టూనే. అయినా తుపాకీ రూపమే వద్దనుకునే తల్లిదండ్రుల మాటను నేను కాదనను. నాలుగోది, చివరి భాగాల్లో కష్టం ఒక్కసారిగా పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది సమయం. ఒక్కో పోరు అయ్యేసరికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఓడిపోయినవాడు "ఇంకొక్కసారి" అంటాడు. "పది నిమిషాలే" అని ఈ ఆట ఇస్తే గొడవ ఖాయం. మేం నిమిషాల లెక్క మానేసి పోరుల లెక్క పెట్టుకున్నాం. శని, ఆదివారాల్లో రోజుకు రెండు పోరులు. గెలిచినా ఓడినా రెండే. నింటెండో వాళ్ల పేరెంటల్ కంట్రోల్స్ యాప్ మన ఫోన్‌లో పెట్టుకుంటే రోజువారీ హద్దు పెట్టవచ్చు, ఎంతసేపు ఆడారో చూడవచ్చు. కానీ యాప్ కంటే పక్కన కూర్చున్న అమ్మే బాగా పనిచేస్తుంది.

డబ్బు సంగతి. ఆన్‌లైన్ రమ్మీ గోల చూసినవాళ్లం, ఆటలో నాణేలు కనిపిస్తే మనకు భయం సహజం. ఇందులో నాణేలు ఆడి సంపాదించేవే. పందెం లేదు. తర్వాత విడుదలైన అదనపు భాగాలకు మాత్రం విడిగా డబ్బు కట్టాలి. కాబట్టి కొనుగోలు పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇంట్లో స్విచ్ లేకపోతే, దీని కోసమని కొనమని నేను చెప్పను. దాని ఖర్చు తక్కువేమీ కాదు. నానమ్మ దగ్గర పులి-మేక నేర్చుకుంటే పావలా సుద్దముక్కతో ఇదే పాఠం దొరుకుతుంది.

నా విన్నపం

స్విచ్ ఉన్న ఇళ్లకు నా సలహా ఒకటే. ఒక్క వారం పక్కన కూర్చోండి. ఓడిపోయినప్పుడు "చూశావా, చెప్పానా" అనకండి. "ఈసారి ఏం మారుస్తావు?" అని అడగండి. ఆ ప్రశ్న అలవాటైతే మార్కుల కాగితం ముందు కూడా అదే నోటికొస్తుంది. నాకు అలాగే వచ్చింది.

మన ఉపాధ్యాయులకూ ఒక మనవి. వారానికి ఒక్క వర్క్‌షీట్ మార్కులు వేయకుండా, ఇంటికి మెసేజ్ పంపకుండా ఇవ్వగలరా? పిల్లలు తప్పు చేసి, అదే గంటలో దిద్దుకునేది. తల్లిదండ్రులుగా మనం దాని ఫలితం అడగమని ముందే మాటిద్దాం.

మొన్నటి టెస్ట్‌లో మా వాడు ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. నాలుగు తప్పులు పోయాయి. మొత్తం మార్కులు పోయినసారి కంటే కొంచెమే ఎక్కువ. పేపర్ నా చేతికిచ్చి నా మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఈసారి నేను "ఎక్కడ పోయాయి?" అని అడగలేదు. "యాభై శాతంవి ఎన్ని కొట్టావు?" అని అడిగాను.

"ఏడమ్మా. నాలుగు తగిలాయి" అన్నాడు నవ్వుతూ.