సముద్రానికి రెండు రోజులు

చెన్నైలో అక్టోబరు వచ్చిందంటే ఇంటింటా రెండు మాటలు నడుస్తాయి. ఈసారి వానలు ఎలా ఉంటాయోనన్నది ఒకటి. అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ఇంకొకటి. రెండు మాటలూ ఒకే వసారాలో కూర్చుని మాట్లాడుకునేవే గానీ, ఒకదాని ఊసు ఒకదానికి పట్టదు. బంగాళాఖాతానికి ఏడాదిలో రెండు తుపాను కాలాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. బడి సెలవులూ అప్పుడే పడతాయి. అందుకే తుపానుల కాలంలో దీవులకు వెళ్లొద్దనే సలహా బడిపిల్లలున్న ఇంట్లో చెల్లదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సముద్రం ఎంత నెమ్మదిగా ఉంటే ఏం లాభం, అప్పుడు బడి ఉంటుంది కదా! వెళ్తారు. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకే గనక అండమాన్‌కే వెళ్తారు.

టికెట్లు చవగ్గా దొరకాలంటే మూడు నెలల ముందే కొనాలి. తుపాను పుట్టే అవకాశం గురించి వాతావరణ శాఖ ప్రతి గురువారం చెప్పే అంచనా రెండు వారాలకు మించి చూడదు. అందులోనూ రెండో వారం మాట మసకమసకే. అంటే టికెట్టు కొన్ననాటికి ఆ తుపాను ఎవరి లెక్కలోనూ లేదు. వాతావరణ శాఖ రమణన్ గారు టీవీలో కనబడితే చాలు బడికి సెలవని పిల్లలు సంబరపడిన ఊరు ఇది. ఇక్కడివాళ్లకు వాయుగుండమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా టికెట్టు కొనేటప్పుడు ఆ తెలివి పక్కకు తప్పుకుంటుంది.

2016 డిసెంబరు మొదటి వారంలో ఏం జరిగిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అండమాన్ దగ్గర అల్పపీడనం ముదిరి వాయుగుండమైంది. అప్పట్లో హేవ్‌లాక్, నీల్ అని పిలిచే దీవుల్లో (ఇప్పుడవి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్) వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. పోర్ట్ బ్లెయిర్ అక్కడికి నలభై కిలోమీటర్లే. కానీ ఆ నలభై కిలోమీటర్లూ నీళ్లు. పడవలు ఆగాయి, విమానాల వేళలు దాటిపోయాయి. నౌకాదళం నౌకలు పంపింది. గాలి కాస్త తెరిపి ఇచ్చాక వాళ్లను ఒడ్డు చేర్చారు. కథ అక్కడితో ఆగలేదు. ఆ వాయుగుండమే బలపడి, వర్దా అని పేరు పెట్టించుకుని, పడమటికి నడిచి, డిసెంబరు 12న చెన్నై దగ్గరే తీరం దాటింది. నగరంలో వేల చెట్లు కూలాయి, విమానాశ్రయం మూతపడింది. అండమాన్‌లో ఎలాగో బయటపడి మైలాపూరుకో పెరంబూరుకో చేరుకున్నవాళ్లు ఉంటే, వాళ్లను ఆపిన గాలే నాలుగు రోజుల్లో వాళ్ల వీధిలోకి వచ్చింది.

ఇది ఆ ఒక్క ఏటి ముచ్చట కాదు. 2023లో మిచాంగ్, 2024లో ఫెంజల్ వచ్చినప్పుడూ చెన్నై విమానాశ్రయం మూసేశారు. 2025 నవంబరు చివర దిత్వా శ్రీలంకను ముంచెత్తితే కొలంబోలో చిక్కుకున్న మనవాళ్లను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. ఇంకా వెనక్కి వెళ్తే 1964 డిసెంబరు. ధనుష్కోటిని తుపాను తుడిచిపెట్టినప్పుడు మన సావిత్రి, జెమినీ గణేశన్ రామేశ్వరంలో ఉన్నారు. ఆ పగలు ధనుష్కోటి చూసి, చీకటి పడకముందే వెనక్కి వచ్చేశారని చెబుతారు. ఆ రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోటికి బయలుదేరిన రైలు అలల్లో కలిసిపోయింది. అందులో వందమందికి పైగా ఉన్నారు. ఆనాటి ప్రయాణికులకు ముందుగా చెప్పే దిక్కు లేదు. ఇప్పుడు గంటగంటకూ చెబుతున్నారు. ప్రాణాలకు ముప్పు బాగా తగ్గింది. మిగిలిందల్లా మనం వేసుకునే లెక్కలో ఉన్న ఇరుకు.

నూరు మందిని పిలిచిన పెళ్లికి నూట ఇరవై విస్తళ్లు సిద్ధం చేసుకునే జాతి మనది. ప్రయాణానికి వచ్చేసరికి ఆ దూరాలోచన ఏమవుతుందో! శనివారం వెళ్లి, మరుసటి ఆదివారం రాత్రి దిగి, సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చోవాలి. ఈ బిగింపు విమానంతో వచ్చిందేనేమో. చెన్నై హార్బర్‌లో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ చేరడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. ఓడ ఫలానా రోజునే కదులుతుందన్న భరోసా తక్కువ కాబట్టి, ఎక్కేవాళ్లు సంచిలో రెండు జతల బట్టలు, చేతిలో నాలుగు రోజుల వ్యవధి అదనంగా ఉంచుకునేవారు. విమానం వచ్చాక మధ్యలో సముద్రమనేది ఒకటుందని మరిచాం. హేవ్‌లాక్ పడవ దగ్గర అది మళ్లీ ఎదురొస్తుంది.

తుపానుల కాలంలో వెళ్లేవాళ్లకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. దిగిన మర్నాడే చిన్న దీవులకు వెళ్లిపోవాలి, పోర్ట్ బ్లెయిర్ ఊరు చూడటం చివరికి పెట్టుకోవాలి. చాలామంది దీన్ని తిరగేస్తారు, అందాల బీచి ఆఖర్న ఉండాలని. పడవ ఆగితే విమానం పోయేది అలాగే. హోటలువాడు డబ్బు తిరిగి ఇస్తాడా, తేదీ మారుస్తాడా అన్నది బయలుదేరకముందే కాగితం మీద రాయించుకోవాలి. హార్బరువాళ్లు పడవ ఆపేస్తే వాళ్లతో వాదనకు దిగకూడదు. వాళ్లకు ఆ నీళ్లు తెలుసు. ఇక సెలవు చీటీ రాసేటప్పుడే రెండు రోజులు ఎక్కువ అడగాలి. పై అధికారి ఇవ్వనంటే అసలు ప్రయాణమే రెండు రోజులు కుదించుకోవడం మేలు.

ఏ తుపానూ రాకపోతే ఆ రెండు రోజులు ఏం చేయాలా అని చింతపడనక్కర్లేదు. శ్రీ విజయపురమని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు బోలెడుమంది. చేపల బజారులో నిలబడితే సిక్కోలు యాస వినబడుతుంది. మెయిన్‌లాండ్ నుంచి ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయల ధర ఏమవుతుందో వాళ్లనడిగితే చెబుతారు. స్వాతంత్ర్య పోరాట కాలంలో కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఖైదీగా గడిపిన సెల్యులార్ జైలు ఆ ఊళ్లోనే ఉంది. ప్యాకేజీ టూర్లవాళ్లు దానికి ఒక సాయంత్రం మాత్రమే కేటాయిస్తారు.