ఇరవై నాలుగు గంటల గడియారం – మన రాత్రులు

మా విద్యార్థి ఒకరి అన్నగారు దుబాయి ప్రయాణమై, పెట్టె కట్టుకొని, బంధువులందరి వద్ద సెలవు తీసుకొని, శంషాబాదు విమానాశ్రయం దాకా వెళ్ళి, మరునాడు కోరుట్లకే తిరిగి వచ్చినారు. టికెట్టు మీద 18వ తేదీ 00:35 అని ఉన్నది. వారు 18వ తేదీ సాయంకాలం బయలుదేరినారు. విమానాశ్రయం చేరునప్పటికి విమానం వెళ్ళిపోయి దాదాపు ఇరవై రెండు గంటలైనది. అప్పు చేసి కొన్న టికెట్టు వ్యర్థమైనది. ఆయన చదువురాని మనిషి కాడు. పదవ తరగతి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు.

ఈ సంగతి విన్న పిదప మేము తరగతిలో నల్లబల్ల మీద 16:20, 12:10, 00:10 అని వ్రాసి చదువుమన్నాము. పదహారును ఆరుగా చదివినవారు కొందరు. ముందున్న ఒకటిని కొట్టివేస్తే మిగిలేది ఆరే గదా అని వారి వాదం! ఆ లెక్కన రైలుకు పోయినవారికి పట్టాలు మాత్రమే కనిపించగలవు. పెద్దపల్లి – నిజామాబాదు మార్గం 2017లో పూర్తి అయినది మొదలు లింగంపేట జగిత్యాల, కోరుట్ల స్టేషన్ల వేళలు మన ఇండ్లలోని మాటలలో కలిసినవి. రైల్వే వారు వేళలను ఇరవై నాలుగు గంటల లెక్కలోనే వ్రాస్తారు.

సూత్రం చిన్నదే. పన్నెండు వరకు మార్పు లేదు. పదమూడు మొదలు ఇరవై మూడు వరకు పన్నెండు తీసివేయవలెను. పదహారు అనగా సాయంత్రం నాలుగు, ఇరవై ఒకటి అనగా రాత్రి తొమ్మిది. 12:10 మధ్యాహ్నమే, 00:10 అర్ధరాత్రి దాటిన పది నిమిషాలు. సైన్యంలో నడుమ చుక్కలు లేకుండ 1620 అని నాలుగంకెలు వ్రాసే అలవాటు ఉన్నది. అమెరికా సైన్యం ఈ పద్ధతిని 1942లో చేపట్టినది. ఉదయం ఆరా, సాయంత్రం ఆరా అన్న సందేహానికి తావిస్తే అక్కడ ప్రాణాలే పోవును.

అయితే కోరుట్ల యువకుని మోసగించినది తీసివేత కాదు. 00:35 అనగా అర్ధరాత్రి దాటినదని ఆయనకు తెలియును. ఆ రాత్రి ఏ తేదీకి చెందినదో తెలియలేదు. మా అభిప్రాయంలో పాఠ్యపుస్తకాలు వదిలివేసినది ఇదే.

మన పెద్దలు అహోరాత్రాన్ని అరవై గడియలుగా, ఎనిమిది జాములుగా లెక్కించినారు. ఉర్దూలో దోపహర్ అన్న మాటకు అర్థం రెండు జాములనియే. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మొదలగును. అందువల్ల తెలుగువారి నోట గురువారం రాత్రి అంటే తెల్లవారే వరకు గురువారమే. సిరిసిల్ల మరమగ్గాల మీద రాత్రిపాళీ చేసే తండ్రి గల మా విద్యార్థి ఒకడు, పాళీ ఎక్కిన దినమే ఆ రాత్రంతటికీ లెక్క అని చెప్పినాడు. ముస్లిముల ఇండ్లలో మరొక లెక్క. సూర్యాస్తమయంతోనే తరువాతి దినం మొదలు. గురువారం చీకటి పడగానే అది జుమా రాత్రి. గడియారం ఈ ఇరువురి మాటా వినక రాత్రిని నడుమకు కోసి, సగం నిన్నటికి, సగం రేపటికి ఇచ్చినది.

ఆ టికెట్టును వెనుక నుండి లెక్కించి చూడవలెను. విమానం 18న 00:35కు. మూడు గంటల ముందు, అనగా 17న 21:35కు విమానాశ్రయంలో ఉండవలెను. కోరుట్ల నుండి దారికి ఐదారు గంటలు పట్టునని అనుకొన్నను, 17న 15:30కే ఇల్లు కదలవలెను. దిగే వేళ దుబాయి గడియారం ప్రకారం వ్రాస్తారు. అది మన గడియారం కంటె గంటన్నర వెనుక. గల్ఫుకు మనుష్యులను పంపని వాడలు మన మూడు పట్టణాలలో అరుదు. ఇట్టి లెక్కను కళాశాల నేర్పకుంటే ఎవరు నేర్పవలెను? టికెట్లు ఇచ్చే ఏజెంట్లు వేలు పెట్టి అంకె చూపుతారే గాని, ఏ సాయంత్రం ఇల్లు వదలవలెనో చెప్పేవారిని మేము అరుదుగా చూచినాము.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇంతే. నోటీసు బోర్డు మీద రైళ్ళ వేళలు రెండు విధాల వ్రాయించవలెను. అర్ధరాత్రి దాటిన బండికి తేదీ పక్కన, ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం’ అన్న మాట చేర్పించవలెను. మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక్క పీరియడు చాలును. పాత టికెట్టు ఒకటి చేతికిచ్చి, ఇల్లు వదిలే వేళ లెక్క కట్టించవలెను. ఖర్చు సుద్దముక్కకే!

ఆ యువకుడు కొన్ని నెలల పిదప మరల టికెట్టు తీసుకొని, ఈసారి తల్లిగారితో కలిసి మా వద్దకు వచ్చినాడు. శుక్రవారం 02:15 అని ఉన్నది. మేము కాగితం మీద లెక్క మొదలు పెట్టినాము. మా లెక్క ముగియక ముందే ఆ తల్లి, ‘‘జుమా రాత్రి గదా సార్! అయితే జుమేరాత్ నాడు అసర్ నమాజు కాంగనే ఇల్లు కదలాలె’’ అన్నది.