అరణ్యము – చూపులలోని భేదము

ఒక్క ఇప్పచెట్టును ముగ్గురు మనుష్యులు చూచుదురు. కలప వర్తకుడు దానినుండి యెన్ని ఘనపుటడుగుల కఱ్ఱ వచ్చునో లెక్కించును. అబ్కారి యుద్యోగి దాని పూవునుండి యెంత సారా కాగునో యని శంకించును. గోండు గృహిణి వేసవినాటి తెల్లవాఱుజామున దాని క్రింద రాలిన పూవు నేఱుకొని, యెండబెట్టి, గాదె వట్టిపోవు నెలలకు దాచుకొనును. గింజలనుండి నూనె దీయును. చెట్టు ఒక్కటే, చూపులు మూడు. ఈ మూడింటిలో ఏ చూపు శాసనమగునో దానినిబట్టియే ఆ చెట్టు నీడను బ్రదుకువారి భాగ్యము నిర్ణయమగుచున్నది. ప్రకృతిని గూర్చి జాతులకు గల భావభేదము పండితగోష్ఠికి మాత్రమే చెందిన విషయము కాదనియు, అది యన్నవస్త్రములకును న్యాయమునకును సంబంధించినదనియు మనవి చేయుటకే నేడీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1864లో బ్రిటిషు ప్రభుత్వము ఇండియాయందు అటవీశాఖను నెలకొల్పి, జర్మను దేశీయుడైన డీట్రిచ్ బ్రాండిసును దానికి ప్రథమ ఇన్‌స్పెక్టరు జనరలుగా నియమించెను. రైలుమార్గములకు స్లీపరు దుంగలు కావలసియుండెను. కంట్రాక్టరుల గొడ్డళ్లకు అడవులు విచ్చలవిడిగా కూలుచుండెను. కావున అడవిని కొలిచి, హద్దులు పెట్టి, టేకు మొదలగు వృక్షములను వయస్సునుబట్టి వంతులవారిగా నఱుకు పద్ధతి ఐరోపానుండి దిగుమతి యయ్యెను. ఆ పద్ధతిలో శాస్త్రము లేదని మేము చెప్పము. అడ్డులేని కొట్టుడును అది కొంత ఆపినమాటయు నిజమే. కాని ఆ శాస్త్రమునకు అడవియనగా కలప. కలపకాని దంతయు తుక్కు. కలపకై రానివాడు దొంగ. 1878 నాటి ఇండియా అటవీ శాసనమును, 1882 నాటి మద్రాసు అటవీ శాసనమును ఈ చూపునకు చట్టరూపము నిచ్చినవి. తరతరములుగా హక్కై యున్నది ఆనాటినుండి దొరతనమువారి దయాభిక్ష యయ్యెను. ఆ దశాబ్దమున గ్రామస్థుల హక్కులను తుడిచివేయరాదని మద్రాసు రెవిన్యూ బోర్డువారే ఆక్షేపణ తెలిపిరి. తమ యుద్యోగులు చెప్పిన హితవునుగూడ ఆ ప్రభుత్వము చెవిని బెట్టలేదు.

ఫలితమేమి? పల్నాటి రైతు తన పశువు అడవిలో గడ్డి మేసినందులకు పుల్లరి చెల్లింపవలసి వచ్చెను. 1921లో అచట పుల్లరి సత్యాగ్రహము చెలరేగెను. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను. ఆ సంవత్సరముననే గూడెము మన్నెమున పోడు నిషేధమును, రోడ్లపనిలో వెట్టిని సహింపలేని గిరిజనులు అల్లూరి సీతారామరాజు వెంట నడచిరి. 1924 మే నెలలో ఆ వీరుడు కూలువఱకు పోరాటము సాగెను. నైజాము రాజ్యమునందలి ఆదిలాబాదు అడవులలో 1940లో కుమురం భీము జోడేఘాటువద్ద ప్రాణము లర్పించెను. ఆ పిమ్మట కారణములు విచారింప నియుక్తుడైన ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెండార్ఫు గోండుల చేతినుండి భూమి యెట్లు జాఱిపోయెనో వివరముగ తెలిపెను. ప్రాంతములు వేఱు, పరిపాలకులు వేఱు. కాని మూడుచోట్లను మూలకారణ మొక్కటియే. అడవిని ఇల్లుగా నెఱిగినవానిని, అడవిని ఖజానాగా నెంచినవాడు వెలికి నెట్టెను.

ఇక ఆ ఇంటివారి చూపెట్టిదో చూతము. విశాఖ మన్నెమున మామిడి కొత్త, కొఱ్ఱ కొత్త, చిక్కుడు కొత్త యను పండుగలు కలవు. పండుగ జరిపి దేవతకు నివేదింపనిదే ఆ పంటనుగాని పండునుగాని యెవరును నోట బెట్టరాదు. పట్టణవాసి దీనిని మూఢాచారమని నవ్వును. కాని లేతకాయను కోయక పండనిచ్చుటయు, విత్తును ముదురనిచ్చుటయు, ఊరివారందఱకు ఒక్కనాడే ఫలము దక్కుటయు ఈ యాచారమునుండి సమకూరుచున్నవి. సర్కారు నియమమును గార్డు కావలి కాయవలెను. ఈ నియమమును ఊరే కావలి కాయును. మధ్యపరగణాల బైగాజాతివారు నాగలి పట్టుట భూమాత వక్షమును చీల్చుటయే యని నమ్మి, పోడునే తమ ధర్మముగా నెంచిరని వెరియర్ ఎల్విను 1939లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఆ ప్రభుత్వమే 1890లో ఒక కొంత మేరను ‘బైగా చక్’ అని యేర్పఱచి, అచట మాత్రము పోడు నొప్పుకొనెను. అనగా ఒక జాతియొక్క ధర్మమును గీత గీసి బందెలదొడ్డిలో బెట్టినట్లయ్యెను.

పోడును గూర్చి న్యాయముగా పలుకవలెను. కొండవాలున చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో సామ, కొఱ్ఱ, జొన్న, కంది కలిపి చల్లి, రెండు మూడేండ్లు పండించి, పిమ్మట ఆ నేలను అనేక సంవత్సరములు అడవికి వదలివేయుట దాని పద్ధతి. నేలకు విశ్రాంతి యుండుటయే దాని ప్రాణము. రిజర్వు గీతలు గీసి చోటు కుదించిన పిదప, తిరిగి తిరిగి అదే వాలును కొట్టుట తప్పనిసరి యయ్యెను, మన్ను కొట్టుకొనిపోయెను. చోటు లాగికొన్నవారే ‘చూడుడు, పోడు అడవిని చెఱచుచున్నది’ అని సాక్ష్యము చెప్పుట తగునా? అట్లని నేటి పోడంతయు నిర్దోషమని మేము వాదింపము. రోగము నిజము, రోగకారణమును మాత్రము రోగిపై మోపరాదు.

ఈ కథ మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. ఆస్ట్రేలియా ఆదివాసులు చల్లని ఋతువున చిన్నచిన్న తావులలో నిప్పుబెట్టి యెండుగడ్డిని తగులబెట్టుచు, వేల సంవత్సరములు ఆ ఖండమును కాపాడుకొనిరి. వలస వచ్చిన తెల్లవారికి అది తుంటరితనముగా దోచెను, నిప్పును నిషేధించిరి. ఎండిన పొదలు పేరుకొనిపోయినచోట మంట యంటినచో దానిని ఆర్పుట మనుష్యసాధ్యము కాదు. 2019–20 వేసవిలో ఆ దేశపు ఆగ్నేయభాగమును దావానలము మ్రింగెను. ఆ యుత్పాతమునకు ఎండలు, అనావృష్టి మొదలగు కారణములు పెక్కులు గలవు. ఐనను ఆదివాసుల చల్లని నిప్పును మరల నేర్చుకొనవలెనని అచటి యధికారులే అనిరి. న్యూజీలాండులో 2017 నాటి శాసనము వాంగనూయి నదిని హక్కులు గల వ్యక్తిగా గుర్తించెను. నది తమ పూర్వజుడని మావోరీలు చెప్పుచు వచ్చిన మాట నూఱేండ్లకుపైగా సాగిన వ్యాజ్యము పిమ్మట చట్టమున కెక్కెను.

ఇంతవఱకు పరాయివారి తప్పు లెన్నితిమి. ఇక మన యద్దమునందు మన ముఖము చూచుకొందము. అడవిపై రాజాధికారము తెల్లవారు కనిపెట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కుప్యాధ్యక్షుడును, గజవనములును గలవు. ఖాండవము దహించిన కథను మనము వీరగాథగానే చదువుకొంటిమి. అందు కాలిన జీవుల నెవరు తలచిరి? స్వరాజ్యము వచ్చిన పిదపనైన మార్పు వచ్చెనా? 1952 నాటి జాతీయ అటవీ విధానము అడవి చెంత నున్న గ్రామముల యవసరములకంటె ‘జాతీయ ప్రయోజనము’ ముఖ్యమని ఘోషించెను. ఆ జాతిలో కోయ, కొండరెడ్డి, చెంచులు లేరా? గోదావరిపై పోలవరము ఆనకట్టకొఱకు ఊళ్లు విడువవలసినవారిలో కోయలు, కొండరెడ్లు అనేకులు. వారి యింటికి వెల కట్టవచ్చును, పొలమునకు వెల కట్టవచ్చును. జీలుగుచెట్టునకు, తేనెపట్టునకు, కొండదేవర చోటునకు ఏ లెక్కపుస్తకములో ఏ గడి యున్నది?

ఐనను నిరాశకు తావులేదు. 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీముకోర్టు షెడ్యూలు ప్రాంతపు భూమిని గనులకొఱకు గిరిజనేతరులకు కౌలు కీయరాదని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము మన అనంతగిరి కొండలలో బుట్టినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము తన పీఠికయందే పూర్వము జరిగినది చారిత్రకమైన అన్యాయమని యొప్పుకొనెను. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండపై బాక్సైటు త్రవ్వవచ్చునా యని పండ్రెండు గ్రామసభల నడుగగా, పండ్రెండును వలదనినవి. డోంగ్రియా కోందులకు ఆ కొండ దైవము. దైవమును తూకము వేయ వీలులేదని వారు తేల్చిరి. కాని 2019 ఫిబ్రవరిలో హక్కు కోరిన దరఖాస్తు తిరస్కృతమైనవారిని వెళ్లగొట్టుడని ఆజ్ఞ వెలువడి, అదే నెలాఖరున నిలిపివేయబడెను. చేతిలో కాగితము లేనివాని బ్రదుకు ఎంత సన్నని దారముపై వ్రేలాడుచున్నదో ఆ పదునైదు దినములు చాటినవి.

జనము పెరిగినది, అడవి తఱిగినది, పులికి చోటేదని కొందఱు ప్రశ్నింతురు. ప్రశ్న తగినదే. అందులకు మా ప్రత్యుత్తర మిది: కావలివాడు తుపాకితో కాచిన అడవికంటె, తనదని నమ్మినవాడు కాచిన అడవి చిరకాలము నిలుచును. శాస్త్రజ్ఞుని కొలతయు కావలెను, చెంచువాని యెఱుకయు కావలెను. ఒకడు చెప్ప, రెండవవాడు వినుట మాత్రమే యిన్నాళ్లు జరిగినది. ఇకనైన ఇద్దఱు నొక చాపపై కూర్చుండవలెను. మన్యమునకు పోవు ప్రతి యుద్యోగియు ఆ జనుల భాష నేర్వవలెను. గ్రామసభ మాటను వేలిముద్రల తంతుగా గాక, తీర్పుగా నెంచవలెను.

పఠనమందిరముల గూర్చుండి ఈ పత్రిక చదువు సోదరులారా! మీ బల్ల యే అడవినుండి వచ్చెనో, మీ దీపము ఏ యూరిని ముంచిన నీటివలన వెలుగుచున్నదో ఒక్కమాఱు విచారింపుడు. స్వరాజ్యమనగా పాలకుల రంగు మాఱుట కాదు; పాలించువాని చూపు మాఱుట. ఆ చూపు మాఱనంతవఱకు మన్నెమునకు స్వాతంత్ర్యము రాలేదనియే మా నిశ్చితాభిప్రాయము.