దాచినది తిరిగి చేతికి వస్తుందా?

నేడు మన ఇళ్లలో కంప్యూటరు ఇనప్పెట్టె స్థానాన్ని ఆక్రమించింది. పిల్లల మార్కుల పత్రాలు, ఇంటి దస్తావేజుల నకళ్లు, నికాహ్ నాటి ఛాయాచిత్రాలు, కన్నుమూసిన దాదీ గొంతు... అన్నీ ఒకే డిస్కులో ఉంటున్నాయి. అది చెడిపోతే కొత్త డిస్కు బజారులో దొరుకుతుంది, దాదీ గొంతు దొరకదు. కనుక బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటప్పుడు దాని హంగులను కాదు, దాచినదాన్ని తిరిగి ఇవ్వగల శక్తిని చూడాలి.

బ్యాకప్ ప్రధానంగా రెండు విధాలు. మొదటిది ఫైళ్లను మాత్రమే భద్రపరుస్తుంది. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ ఇటువంటిదే; మార్పు చెందిన ఫైళ్లను మామూలుగా గంటకొకసారి వేరొక డిస్కులోకి చేరుస్తుంది. రెండవది డిస్కు ఇమేజ్. ఇది విండోస్‌తో సహా డిస్కు మొత్తానికి ప్రతిరూపం తీస్తుంది. క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా ఈ పనిని ఉచితంగా చేస్తాయి. మ్యాక్ వాడేవారికి 2007 నుండి టైమ్ మెషీన్ అందుబాటులో ఉంది. ఛాయాచిత్రాలు, పత్రాలు మాత్రమే ముఖ్యమనుకునే ఇంటికి మొదటి విధం చాలు.

ఏది ఎంచుకున్నా మూడు ప్రశ్నలు వేసుకుందాం. తయారీదారులు దానిని ఇంకా సవరిస్తున్నారా? ఎందరో వాడిన మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత ప్రతికి 2024 జనవరి 1తో భద్రతా సవరణలు నిలిచిపోయాయి. కంప్యూటరు అసలు తెరుచుకోని రోజున పెన్‌డ్రైవ్ నుండి పని ప్రారంభించే వీలుందా? తీసిన ప్రతి సరిగా ఉన్నదో లేదో అది స్వయంగా సరిచూస్తుందా?

బ్యాకప్ డిస్కును నిత్యం కంప్యూటరుకే తగిలించి ఉంచరాదు. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. అటువంటిది చొరబడితే తగిలించి ఉన్న డిస్కు కూడా దాని పాలవుతుంది. పని ముగియగానే డిస్కును తీసి బీరువాలో పెట్టాలి. మరొక ప్రతిని బంధువుల ఇంట ఉంచగలిగితే అగ్నిప్రమాదం, దొంగతనం వంటివాటి నుండి కూడా రక్షణ ఉంటుంది. డిస్కుకు సంకేతపదం పెడితే దానిని కాగితంపై వ్రాసి వేరుగా దాచాలి. అది మరచిపోతే మన ఫైళ్లు మనకే తెరుచుకోవు.

పోయిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్ ఉన్నది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. పాత హార్డ్‌డిస్కులో అది కొంత సాధ్యమే. అయితే ఫైలు పోయిందని తెలిసిన వెంటనే ఆ డిస్కు వాడకం ఆపాలి, ఆ సాఫ్ట్‌వేర్‌ను కూడా వేరే డిస్కులోనే ఎక్కించాలి. నేటి ఎస్‌ఎస్‌డీలలో తొలగించిన ఫైళ్ల స్థలాన్ని డిస్కు తానే శుభ్రం చేసుకుంటుంది గనుక ఆ ఆశ చాలా స్వల్పం.

ఈ నెలలో ఒక సెలవు దినాన ఇంటిల్లిపాదీ కూర్చుని, బ్యాకప్ నుండి పది ఫైళ్లను వేరొక ఫోల్డరులోకి రప్పించి తెరచి చూడండి. పదీ తెరుచుకుంటే మీ ఎంపిక సరైనదే. ఒక్కటి తెరుచుకోకపోయినా, అసలు డిస్కు బాగున్న ఈ సమయంలోనే దారి మార్చుకోవచ్చు.