ప్రశ్నల పంట, జ్ఞానపు కఱవు

మన దేశమున ప్రశ్నలకు కొదవ యున్నదని యిప్పు డెవ్వరును చెప్పజాలరు. ఉదయమున కన్ను తెఱచునప్పటికి చేతిలోని ఫోనునందు పది ప్రశ్నలు సిద్ధముగా నుండును. ఏ దేశమునకు రాజధాని యేది? ఏ యేట నోబెల్ బహుమానము నెవరికిచ్చిరి? ఏ ఆటగాడు ఏ పందెమున నెన్ని పరుగులు తీసెను? సాయంకాలమునకు వాని జవాబులు వచ్చును. మఱునాడు వేఱు పది ప్రశ్నలు వచ్చును. ఆదివారములందు సభలు తీర్చి, జట్లు కట్టి, గంటలు మ్రోగించి యివియే యడుగుచున్నారు. ఇంటికి చుట్టము వచ్చినంతనే ఆఱేండ్ల బిడ్డను ముందు నిలువబెట్టి ముప్పది రాజధానుల పేళ్లు వల్లింపజేసి చప్పట్లు కొట్టించుచున్నారు. ఇంతటి ప్రశ్నల పంట పండుచున్న నేలలో జ్ఞానమును గాదెలు నిండి యుండవలెను గదా! గాదెలు తెఱచి చూచినచో పొట్టే యెక్కువగా కనబడుచున్నదని మా వాదము.

ఒక మాట మొదటనే స్పష్టము చేయవలసియున్నది. క్విజ్జు అను వినోదమును మేము ద్వేషించువారము కాము. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ గారు దీనికి మన దేశమున అంకురార్పణ చేసిరి. 1972లో మన జంటనగరములందే కె-సర్కిల్ అను క్విజ్జు సంఘము వెలసినది. ఇట్టి సంఘములలో చేరినవారిలో ననేకులు ధనాపేక్ష లేక, క్రొత్త సంగతి తెలిసికొనుటయందలి ప్రీతిచేతనే కూడినవారు. పేకముక్కల ముందు ప్రొద్దు పుచ్చుటకంటె నిది వేయిరెట్లు మేలు. కాని 2000 సంవత్సరమున హిందీలో ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’యు, 2014లో తెలుగున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ను టెలివిజను తెరపైకి వచ్చి, సరియైన జవాబునకు కోటి రూపాయలు వెల కట్టిన పిమ్మట సామాన్య గృహస్థుని మనస్సులో నొక భ్రాంతి స్థిరపడినది: జవాబు చెప్పగలవాడే జ్ఞాని, చెప్పలేనివాడు మూఢుడు. మేము ఖండించునది ఆటను గాదు, ఆటను తెచ్చి చదువుల గద్దెపై కూర్చుండబెట్టుటను.

ఈ పద్ధతిలోని మొదటి దోషము, అసత్యమును సత్యముగా చలామణి చేయుట. ప్రశ్న కూర్చువాడు ఒక పుస్తకమునుండి యెత్తును, ఆ పుస్తకము మఱియొక పుస్తకమునుండి యెత్తియుండును, మూలమెక్కడనో అడుగువాడుండడు. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అను నాతడు 1974లో ఇట్టి చిల్లర సంగతుల కోశమొకటి ప్రకటించెను. తన కోశమును దొంగిలించువారిని పట్టుకొనుటకై అందులో నొక యసత్యమును కావలెననియే చొప్పించెను. కొలంబో యను టెలివిజను కథలోని అపరాధ పరిశోధకుని మొదటి పేరు ఫిలిప్ అని వ్రాసెను. అది కేవలము ఆతని కల్పన. కొన్నియేండ్లకు ట్రివియల్ పర్స్యూట్ అను ప్రసిద్ధమైన ప్రశ్నల ఆటలో ఆ ఫిలిప్పే సరియైన జవాబుగా అచ్చయి వెలువడినది! వర్త్ 1984లో ముప్పది కోట్ల డాలర్లకు దావా వేసెను. యథార్థ విషయములపై నెవ్వరికిని గ్రంథస్వామ్యము లేదను కారణమున న్యాయస్థానము దానిని కొట్టివేసెను. దావా సంగతి యట్లుండనిండు. ఆ యాట నాడినవారిలో ఫిలిప్ అని చెప్పి గెలిచినవారెందరో! తెలియదని యూరకున్నవాడు ఓడిపోయెను. పుట్టని పేరు చెప్పినవాడు పండితుడయ్యెను.

అమెరికా దాక పోనేల? మన జాతీయ క్రీడ యేది యనగా హాకీ యని మన పిల్లలు తరతరములుగా చెప్పి మార్కులు పొందిరి. 2012లో నొక బాలిక సమాచార హక్కు చట్టము క్రింద అడుగగా, ఏ యాటను జాతీయ క్రీడగా ప్రకటింపలేదని కేంద్ర ప్రభుత్వపు క్రీడామంత్రిత్వశాఖయే ప్రత్యుత్తరమిచ్చినది. ఇన్ని లక్షల గురువులు చెప్పిరి, ఇన్ని లక్షల శిష్యులు వ్రాసిరి. ‘ఏ ఉత్తరువున నున్నది?’ అని యడుగుటకు ఒక చిన్న పిల్ల కావలసివచ్చినది. క్విజ్జు అను పదము పుట్టుక కథయు నిట్టిదే. 1791లో డబ్లిన్ నగరమున డేలీ యను నాటకశాలాధికారి పందెము కట్టి, ఒక్క రాత్రిలో గోడలన్నిటిపై నీ అర్థములేని మాటను వ్రాయించి దానిని పుట్టించెనని క్విజ్జు ప్రియులే చెప్పుకొందురు. అంతకు తొమ్మిదేండ్ల ముందే, 1782లో, ఫానీ బర్నీ యను ఆంగ్ల రచయిత్రి దినచర్యలో నా మాట కనబడుచున్నది. తన పేరు పుట్టుపూర్వోత్తరములనే సరిగా విచారింపని విద్య ఇతర విషయములందు మనకు ప్రమాణమగుటెట్లు? తెలుగును ప్రాచ్య ఇటాలియన్ భాషయని నికోలో కాంటి కొనియాడెనని మనమును ప్రతి సభయందును ఛాతి విఱుచుకొని చెప్పుకొందుము. కాంటి స్వయముగా గ్రంథము వ్రాయలేదు. ఆతని యాత్రా వృత్తాంతమును పోజ్జియో యను పండితుడు లాటిను భాషలో వ్రాసెను. అందులో నీ మాట యెచ్చట నున్నదో చూపుమని మన సభలలో నడిగినవారెందరు? భాషాభిమానము గొప్పదే, కాని దాని పునాదిని తడవి చూచుకొనుట అభిమానమునకు విరోధము కాదు.

రెండవ దోషము మఱింత లోతైనది. సత్యమైన జవాబు సహితము, తన మొదలును చివరను కోల్పోయి, ముక్కయై మిగులుచున్నది. తెలుగులో మొదటి నవల యేది? ‘రాజశేఖర చరిత్రము, 1878, వీరేశలింగము’ అని గంట మ్రోగును; రెండు మార్కులు పడును. 1872లోనే నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు రచించిన శ్రీరంగరాజ చరిత్ర మాట యేమి? నవల యనగా నేమి, దానికి లక్షణములెవ్వి, వీరేశలింగము పంతులుగారు తమ కృతిని వచన ప్రబంధమనియే యేల పేర్కొనిరి అని విచారించినచో, తెలుగు వచనము ఎట్లు పుట్టెనో, పాశ్చాత్య సాహిత్యమునుండి యేమి గ్రహించెనో, అంతయు కన్నులకు కట్టును. ఆ విచారము ఒక మాసము పట్టును. గంట ముప్పది క్షణములకే మ్రోగుచున్నది.

సంఘ సంస్కరణమును గూర్చిన ప్రశ్నలు చూడుడు. ‘ఆంధ్రదేశమున వీరేశలింగముగారు జరిపించిన మొదటి వితంతు వివాహ మెన్నడు?’ ‘1881 డిసెంబరు 11, రాజమహేంద్రవరము.’ సరి, జవాబు నిర్దుష్టము. కాని యీ జవాబు చెప్పిన బాలునికి తెలిసినదేమి? వితంతు పునర్వివాహమును చట్టబద్ధము చేసిన శాసనము 1856లోనే పుట్టినది. శాసనము పుట్టిన పిమ్మట ఇరువదియైదేండ్ల వఱకు తెలుగునాట నిట్టి వివాహము జరుగుటకేల ఆలస్యమైనది? ఇది కదా అడుగవలసిన ప్రశ్న! అడిగినచో, చట్టము వేఱు, ఆచారము వేఱు అని తెలియును. వెలి భయమునకు వంటవారును పనివారును మానివేయగా రాజ్యలక్ష్మమ్మగారు తామే నీరు మోసి, తామే వంట చేసి నిలిచిరని తెలియును. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి ధనము, రాజమహేంద్రవరపు విద్యార్థుల ధైర్యము నెంత పని చేసినవో తెలియును. అంతకు మించి, నేడు తన యింటనే వైధవ్యము పొందిన మేనత్తను పేరంటమునకు పిలువరేల యని యా బాలుడు తల్లి నడుగును. తేదీ యొక్కటియే నేర్చినవాడు ఆ ప్రశ్న యడుగడు. తేదీ చెప్పి బహుమానము పుచ్చుకొని వచ్చి, మేనత్తను మూల గదిలో నుంచిన పెండ్లి భోజనమునకే కూర్చుండును. వీరేశలింగముగారి జీవితమంతయు రెండు మార్కుల ప్రశ్నగా నెండిపోవుటకంటె సంస్కరణమునకు వేఱు ఓటమి కలదా?

మూడవ దోషము గృహమునకు సంబంధించినది. బిడ్డ స్వభావముచేతనే ‘ఏల’ యని యడుగును. ఆకాశము నీలముగా నేల యున్నది, పనిమనిషికి వేఱు గిన్నె యేల, అక్కను చదువు మాన్పించి అన్నను చదివించుచున్నారేల యని యడుగును. ఈ ‘ఏల’ కు మన యిండ్లలో దొరకు జవాబు తఱచుగా ‘నోరు మూయుము’ అనునదే. ‘ఏది, ఎవరు, ఎప్పుడు’ అను వానికి మాత్రము మిఠాయి దొరకును. కొంతకాలమునకు బిడ్డ యేది లాభమో గ్రహించి ‘ఏల’ ను విడిచివేయును. ఇట్లు పెరిగిన యువకులు బిట్లు బట్టీయము వేయుటయే విద్యయని నమ్మి, ఉద్యోగ పరీక్షల కొఱకు యౌవనమును ధారపోయుచున్నారు. వేలమందిలో కొందఱిని ఏఱుటకు ప్రభుత్వమున కట్టి పరీక్ష యవసరము కావచ్చును. జల్లెడ అవసరమే, జల్లెడయే అన్నమని భ్రమపడరాదు.

ఇక నీ ప్రశ్నలు కూర్చువారెవరు? పట్టణవాసులు, ఆంగ్లము చదివినవారు, సినిమా క్రికెట్టుల యందు మునిగినవారు. కావున వారికి తెలిసినదే ‘సామాన్య జ్ఞానము’ అను బిరుదు పొందినది. మబ్బు చూచి విత్తునాడు నిర్ణయించు రైతు, పడుగుపేకల లెక్కను కాగితము లేక కట్టు నేతగాడు, ఊరివారందఱి కాన్పులు చూచిన ముసలవ్వ ఈ ప్రశ్నల యెదుట మూఢులగుచున్నారు. మనుమడు మంగోలియా రాజధాని తెలియదని అవ్వను చూచి నవ్వుచున్నాడు. ఆ నవ్వు నేర్పిన చదువు చదువు కాదు.

మాపై మూడు ఆక్షేపణలు రాగలవు. ధారణ లేక విద్య యెక్కడ యందురు. నిజమే; మన అవధానులు పృచ్ఛకుల పద్యములన్నిటిని ధారణలో నిలిపి తుదకు అప్పగింతురు. కాని వారు నిలుపునది అప్పటికప్పుడు తాము సృజించిన పద్యములను. అచ్చట ధారణ కవిత్వమునకు దాసి. ఇచ్చట దాసియే యజమానురాలైనది. వేదాధ్యయనమంత గొప్ప ధారణను సహితము, అర్థ మెఱుగనిచో నిరుక్తకర్తయైన యాస్కుడు గర్హించెను.

రెండవ ఆక్షేపణ: ప్రశ్నలు కుతూహలమును లేపును గదా! లేపును, మంచి ప్రశ్నలు లేపును. క్విజ్జు ప్రియులలో శ్రేష్ఠులు, తెలిసిన దానినుండి తెలియని దానిని ఊహించి పట్టుకొనునట్లు ప్రశ్నలు కూర్తురని మే మెఱుగుదుము. ఒక యుదాహరణము మేమే యిచ్చెదము. శ్రీనాథుని కాలమున తెలుగు వంటయింట మిరపకాయ యుండెనా? కొలంబసు అమెరికా దారి కనుగొన్నది 1492లో. వాస్కోడగామా కోళికోడు చేరినది 1498లో. మిరప అమెరికా ఖండపు మొక్క. శ్రీనాథుడు అంతకు పూర్వుడు. కనుక లేదు. ఆనాటి కారము మిరియముది. మిరప యను పేరే మిరియమును తలపించుచున్నది. ఇట్టి ప్రశ్న వంటయింటినుండి సముద్రముల మీదికి, గుంటూరు మిరప తోటలనుండి పోర్చుగీసు నావలకు మనస్సును నడపించును. పురాతన కాలమునుండి వచ్చిన ఆచారమని మనము భావించు ఆవకాయ కారము సైతము ఒకనాటి క్రొత్తదనమే యని తెలియును. సంస్కరణ ద్వేషులకు ఇంతకంటె రుచ్యమైన పాఠమున్నదా? ఇట్టి ప్రశ్నలు నూటికి ఇరువది యున్నను మేమీ వ్యాసము వ్రాయకపోదుము.

మూడవ ఆక్షేపణ: ఆటను ఆటగా చూడక ఇంత కోపమేల? ఆటగా చూడుడనియే మా ప్రార్థన. బిడ్డ తెలివిని దానితో తూచకుడు. పాఠశాలలలో దానిని బోధనకు బదులుగా నుంచకుడు.

కావున మా సూచనలు నాలుగు. ప్రశ్న పంపువారు జవాబుతోపాటు దాని యాధారమును పంపవలెను; ఆధారము లేని ప్రశ్నను త్రోసివేయవలెను. వివాదగ్రస్తమైన దానిని వివాదగ్రస్తమనియే చెప్పవలెను. మొదటి భారతీయ వైద్యురాలెవరను ప్రశ్న యందు 1886లోనే పెన్సిల్వేనియాలో పట్టము పొందిన ఆనందీబాయి జోషిని, అదే యేట కలకత్తాలో నుత్తీర్ణురాలైన కాదంబినీ గంగూలీని ఇరువురను తలచుటచే లోకము మునిగిపోదు. ఆ యిరువురకు అడ్డు నిలిచినవారెవరో కూడ చెప్పినచో మఱింత మేలు. ప్రతి యింటను వారమునకొక్క ‘ఏల’ ను తీసికొని, ఫోనును ప్రక్కనుంచి, పెద్దలు పిన్నలు కూడి విచారింపవలెను. ఆ కూటమున ఆడువారి ప్రశ్నకు మగవారి ప్రశ్నతో సమానముగా స్థానముండవలెను. కడపటిది, ‘నాకు తెలియదు’ అను మాటకు గౌరవమియ్యవలెను.

ఈ కడపటి దానికి మన ప్రాచీనులే సాక్షులు. ప్రశ్నోపనిషత్తునందు ఆఱుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని కడకు పోగా, ఆయన యొక సంవత్సరము తనతో నియమముగా వసించి పిమ్మట అడుగుడనెను. తనకు తెలిసియున్నచో చెప్పుదుననెను. వారిలో సుకేశుడు, ఒక రాజపుత్రుడు తన్ను ప్రశ్న యడుగగా తెలియదని నిజము చెప్పి, ఆ ప్రశ్ననే గురువు కడకు మోసికొనివచ్చినవాడు. మన పోటీలలో నాతనికి సున్న వచ్చియుండెడిది. గృహిణులారా, గృహస్థులారా! మీ బిడ్డ రేపు సభనుండి బహుమానము తెచ్చినచో సంతోషింపుడు. కాని ఆనాటి రాత్రి భోజనముల కడ, తాను చెప్పిన జవాబు నిజమని తనకెట్లు తెలిసెనో ఒక్కమాఱు అడుగుడు. ‘తెలియదు, రేపు వెదకెదను’ అని బిడ్డ పలికినచో, ఆ మాటకును చప్పట్లు కొట్టుడు.