ఫోన్ పోయింది.. బాకీ పోలేదు!

‘‘ఆ ఫోన్ నాది కాదు సార్. రూమ్మేట్‌కి నా పేరు మీద తీసిచ్చినా, అంతే!’’

హిందూపురంలో నా దగ్గర బ్యాంకు పరీక్షలకు చదువుకున్న ఒక కుర్రాడు మొన్న అన్న మాట ఇది. డిగ్రీ అయ్యాక ఎర్రమంచి దగ్గర ఒక విడిభాగాల యూనిట్‌లో ఏడాది కాంట్రాక్టు మీద పనిచేశాడు. పెనుకొండలో నలుగురు కలిసి గది తీసుకున్నారు. వాళ్లలో ఒకడికి ఈఎంఐ మీద ఫోన్ ఇవ్వలేదు. దాంతో మనవాడు తన ఆధార్, పాన్ ఇచ్చి తీసిచ్చాడు. ఆర్నెల్లు వాడు బాగానే కట్టాడు. తర్వాత బెంగళూరు వెళ్లి నంబరు మార్చేశాడు. నెలకు రూ.1,800 చొప్పున నాలుగు కిస్తీలు మిగిలాయి. మొత్తం రూ.7,200. వసూలు ఏజెంట్ల ఫోన్లు వస్తే మనవాడు బ్లాక్ చేశాడు. కొన్నాళ్లకు వాళ్లే ఆపేశారు. ‘ఇంక అయిపోయిందిలే’ అనుకున్నాడు.

మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు క్లర్కు ఫలితాల్లో అతని పేరుంది. క్రెడిట్ రిపోర్టు తీసి చూస్తే ఆ బాకీ కూడా అలాగే ఉంది. పక్కన ‘రైటాఫ్’ అని ఉంటే మాఫీ చేశారనుకున్నాడు. రైటాఫ్ అంటే అప్పు ఇచ్చిన సంస్థ తన పద్దుల్లో రాసుకునే లెక్క. కట్టాల్సినవాడికి అది మాఫీ కాదు.

2019లో ఎర్రమంచి దగ్గర కియా ప్లాంటు కార్ల తయారీ మొదలుపెట్టాక మన పిల్లలకు సొంత ఊరి పక్కనే జీతం చూసే అవకాశం వచ్చింది. మంచిదే. జీతంతో పాటే ఫోన్, బండి, యాప్ లోన్ కూడా వచ్చాయి. ధర్మవరంలో మగ్గం మీద చేసిన అప్పు ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. పాన్ నంబరు మీద చేసిన అప్పు ఎలా వెంటాడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగానికీ దీనికీ ఏం సంబంధం?

బ్యాంకు ఉద్యోగమైతే సంబంధం ఉంది. ఐబీపీఎస్ నోటిఫికేషన్లలో దీనిపై ఒక నిబంధన పెడుతున్నారు. రిపోర్టులో తేడా ఉంటే చేరే నాటికి సరిచేయించుకోవాలి, లేదా బాకీ లేదని అప్పిచ్చిన సంస్థ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. రెండూ లేకపోతే ఆఫర్ లెటర్ రద్దు కావచ్చు. స్టేట్ బ్యాంకు నిబంధన ఇంకా గట్టిది. సర్కిల్ బేస్డ్ ఆఫీసర్‌గా ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ రిపోర్టు బాగాలేదని ఆ బ్యాంకు రద్దు చేసింది. బాకీలన్నీ ముందే కట్టేశానని ఆయన వాదించినా, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది.

జనం డబ్బు చూసుకునేవాడి అప్పుల చరిత్ర అడగడం తప్పని నేను అనను. కానీ పది చోట్ల ఎగ్గొట్టినవాడినీ, ఇరవై ఏళ్ల వయసులో ఒక ఫోన్ కిస్తీ తప్పినవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. బాకీ ఎంత, అప్పటికి వయసెంత, తర్వాత కట్టాడా లేదా.. ఈ మూడూ చూసి నిర్ణయించాలి. విద్యా రుణాల విషయంలో కేరళ హైకోర్టు 2023లో ఇలాగే ఆలోచించింది. సిబిల్ స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థి దరఖాస్తును తోసిపుచ్చకూడదని చెప్పింది. నియామకాల్లోనూ అంత విచక్షణ ఉండాలి. అది వచ్చేదాకా మన జాగ్రత్త మనమే పడాలి.

ముందు రిపోర్టు చూడండి

దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాటి వెబ్‌సైట్లలోనే తీసుకోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. అసలు అప్పే చేయనివారికి స్కోరు రాదు. అది తప్పు కాదు, భయపడొద్దు.

మీది కాని అప్పు కనిపించినా, కట్టేసింది బాకీగా చూపించినా అదే సైట్లో ఫిర్యాదు చేయండి. పైసా ఖర్చు లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపై రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ‘డబ్బులివ్వండి, స్కోరు పెంచుతాం’ అనేవాళ్ల జోలికి పోవద్దు. నిజంగా ఉన్న బాకీని రిపోర్టులోంచి ఎవరూ చెరిపేయలేరు.

బాకీ నిజమైతే..

మనవాడికి ఏజెంటు ఒక ఆశ చూపాడు. పెనాల్టీలతో రూ.11,000 దాటింది కాబట్టి ‘ఐదు వేలు కట్టు, సెటిల్ చేస్తా’ అన్నాడు. చౌకే. కానీ సగం కట్టి వదిలించుకుంటే రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. చూసేవాళ్లకు అది పూర్తిగా కట్టలేదని చెప్పే మాటే. అందుకే పెనాల్టీ తగ్గించమని అడగండి, అసలు మాత్రం పూర్తిగా కట్టండి. ఎంత కడితే బాకీ సున్నా అవుతుందో, రిపోర్టులో ఏమని రాస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు సంస్థ ఖాతాకే పంపండి, ఏజెంటు ఫోన్ నంబరుకు కాదు. చివరగా నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోండి.

ఇంకో మాట. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. మీ స్నేహితులకు, బంధువులకు చెప్పి పరువు తీయకూడదు. బాకీ ఉన్నంత మాత్రాన మర్యాద పోగొట్టుకోనక్కర్లేదు.

‘మూడేళ్లు దాటితే అప్పు చెల్లదంట కదా సార్’ అని ఇంకొకడు అడిగాడు. కోర్టులో దావా వేసే గడువు వేరు, రిపోర్టులో నమోదు వేరు. కోర్టుకు రాకపోయినా నమోదు మీ వెంటే వస్తుంది.

మన కాలేజీల్లో రెజ్యుమె ఎలా రాయాలో చెబుతారు, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో చెబుతారు. మొదటి ఏడాదిలోనే ఒక్క గంట క్రెడిట్ రిపోర్టు గురించి చెబితే ఎన్నో ఉద్యోగాలు నిలబడతాయి.

మనవాడు వాళ్ల నాన్న దగ్గర తీసుకుని రూ.7,200 కట్టాడు. అడిగితే పెనాల్టీ వదిలేశారు. నో డ్యూస్ సర్టిఫికెట్ వచ్చింది. రిపోర్టులో ‘బాకీ సున్నా’ పడింది, రైటాఫ్ అయిన మచ్చ మాత్రం ఇంకొన్నాళ్లు ఉంటుంది. వచ్చే నెల సర్టిఫికెట్ల పరిశీలనకు ఆ కాగితం పట్టుకుని వెళ్తున్నాడు. ఎంపికైన బ్యాంకు ఏమంటుందోనని మాకిద్దరికీ గుబులుగానే ఉంది. మీకు ఆ గుబులు వద్దు. దరఖాస్తు నింపే ముందే రిపోర్టు తీయండి.