“వద్దు” అనుట నేర్పుడు

మన పిల్లలకు మనము పసితనమునుండి నేర్పునది విధేయత. పెద్దలు చెప్పినది వినుమనియు, తోడివారితో తగవులాడకుమనియు, నలుగురితోపాటు నడువుమనియు ఉగ్గుపాలతోనే బోధించుచున్నాము. ఇవి మంచి గుణములే, కాదనువారెవ్వరు? కాని పదునాలుగు పదునైదేండ్ల ప్రాయము వచ్చుసరికి ఆ మంచిగుణమే ఒక్కొక్కప్పుడు చెఱుపునకు త్రోవ తీయును. బడిగోడ వెనుక నలుగురు చెలికాండ్రు చేరి “ఒక్కసారి చూడరా, ఏమియు కాదు” అని చేయి చాచినప్పుడు, వద్దనుట ఎన్నడును అలవాటులేని బాలునకు నోట మాట రాదు. ఈ నెల మేము ముచ్చటింపదలచినది ఆ మాటను గూర్చియే.

తిరుమల కొండపై మద్యమునకును పొగాకునకును తావులేదు. అలిపిరివద్దనే సోదా జరుగును. కొండ దిగిన పిమ్మట మాత్రము కావలి మనదే. తిరుపతి విద్యార్థుల నగరము. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో మహిళా విశ్వవిద్యాలయమును, 2015లో ఐ.ఐ.టి.యును వెలసిన యీ యూరికి ఎన్నియో గ్రామములనుండి పిల్లలు వచ్చి, తల్లికంటికి దూరముగా వసతిగృహములలో నుందురు. చిత్తూరో, మూడు రాష్ట్రములు కలియు తావు. చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు పోవు రహదారులలో ఒకటి ఆ జిల్లాగుండ సాగును. తూర్పుకనుమల మన్యమున దొంగచాటుగా పండించు గంజాయి దక్షిణమునకు జాఱిపోవు త్రోవలలో మన త్రోవలును కలవు. 2022లో చిత్తూరునుండి తిరుపతి జిల్లా వేఱుపడినను, ఈ విషయమున ఉభయుల చింతయు ఒక్కటే.

అయినను బాలుడు గంజాయితో మొదలుపెట్టడు. గుట్కా పొట్లముతోనో, ఖైనీతోనో, నలుగురు పంచుకొను ఒక సిగరెట్టుతోనో మొదలుపెట్టును. వ్రాతతప్పులు దిద్దు వైట్‌నరును, సైకిలు పంచరునకు పూయు సొల్యూషనును గుడ్డపై పోసి పీల్చు పసివాండ్రును కలరు. మఱియొక సంగతి గమనింపుడు. మొదటిసారి ఇచ్చువాడు కోఱలు గల రాక్షసుడు కాడు. తఱచుగా మన యింట చేతులు కడుగుకొని అన్నము తిన్న స్నేహితుడే. వెల కూడ అడుగడు. అపరిచితులు పెట్టినది తినకుమని మనము చెప్పు బుద్ధి యిచ్చట పనికిరాదు.

పిల్లవాడు చెడ్డదని తెలియకయే లొంగునా? తెలిసియు లొంగును. 1951లో సాలమన్ ఆష్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు కళాశాల విద్యార్థులను గుంపులుగా కూర్చుండబెట్టి, కొన్ని గీతలు చూపి, వానిలో సమానమైన పొడవు గలది యేదని అడిగెను. ఒక్కడు తప్ప మిగిలినవారందఱును ముందే మాట్లాడుకొని కావలెనని తప్పు చెప్పుచుండిరి. కన్నులకు స్పష్టముగా కనబడుచున్నను, అట్లు ఒంటరియైన విద్యార్థులలో నలుగురికి ముగ్గురు ఒక్కసారియైనను గుంపుతో కలసి తప్పు పలికిరి. గీత పొడవు విషయముననే ఇట్లుండగా, స్నేహము పోవునను భయము కూడ తోడైనప్పుడు చెప్పవలయునా? కాని ఆ పరీక్షలోనే మనకు పనికివచ్చు విశేషమొకటి తేలినది. గుంపులో ఒక్కడు నిజము పలికి తోడు నిలిచినంతనే, ఆ లొంగుబాటు సుమారు నాలుగవవంతునకు దిగిపోయినది.

ఈ సత్యము మన భారతమున వెనుకనే కలదు. ద్రౌపదిని సభకు ఈడ్చి తెచ్చిననాడు నూఱుగురు సోదరులలో వికర్ణుడొక్కడే లేచి ఇది ధర్మము కాదనెను. పసివాడవు, నీకేమి తెలియునని కర్ణుడు అదలించెను. విదురుడు తప్ప పెద్దలెవ్వరును గట్టిగా నోరు విప్పలేదు. ఆ వికర్ణుడే కడకు ఆ సోదరుల పక్షమున పోరాడి కురుక్షేత్రమున మడిసెను. అతనికి కొఱవడినది ధర్మజ్ఞానము కాదు, తోడు. మన బిడ్డలకును అంతియే.

కావున ఉపదేశమొక్కటియే చాలదు. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యమున నిగమశర్మ అక్కను మీరెఱుగుదురు. దుష్టసాంగత్యమున పడిన తమ్ముని దిద్దుటకై పుట్టినింటికి వచ్చి ఆమె ఎంత ప్రేమతో, ఎంత నేర్పుతో బుద్ధి చెప్పినది! అతడు కొన్నినాళ్లు కుదురుకొన్నట్లే కనబడెను. పిదప ఒకరాత్రి ఇంటిలోని సొమ్ములతోపాటు ఆమె ముక్కరను కూడ మూటగట్టుకొని పాఱిపోయెను. అక్క మాటలలో లోపములేదు. ఆ మాటలు అతని సావాసమును మాత్రము మార్చలేకపోయినవి.

మఱి తల్లి చేయదగినదేమి? మొదటిది, వద్దను మాటను ముందుగా పలికించుట. పద్యమును వల్లెవేయించినట్లు దీనిని కూడ అభ్యాసము చేయింపవలయును. మీరు స్నేహితుని వేషము వేసికొని బ్రతిమాలుడు, ఎగతాళి చేయుడు. వాడు “నాకు వద్దురా” అని చెప్పి లేచి పోవుట నేర్చుకొనవలయును. వాదములోనికి దిగకుండుట మేలు. వాదించువాడు ఓడును, కదలిపోవువాడు గెలుచును. సాకు కావలసివచ్చినచో నిందను మనమీదనే వేయుమనుడు. “ఇంటికి పోగానే మా యమ్మ నోరు వాసన చూచును” అని చెప్పిన, చెలికాండ్రు మనలను గయ్యాళి యందురు, అననిండు. మన పేరు పోయినను బిడ్డ మిగులును.

రెండవది, పిల్లవానికొక రహస్యసంకేతము నిచ్చుట. ఎక్కడనుండియైనను ఫోనుచేసి “కూరకేమి తేవలయునమ్మా?” అని అడిగినచో, తనను వెంటనే పిలిపింపుమని అర్థము. అన్నగారినో మామగారినో పంపి తెచ్చుకొనవలయును. ఆ రాత్రి ఒక్క ప్రశ్నయు వేయరాదు. తెల్లవాఱిన పిదప తీఱికగా మాట్లాడవచ్చును. ఆ రాత్రియే తిట్టినచో వాడు మఱల ఫోనుచేయడు.

మూడవది, వాని స్నేహితులను మన వసారాలో కూర్చుండబెట్టుట. ఒక సాయంకాలము వేరుసెనగకాయలు ఉడికించి ఒక పళ్లెము ముందుంచినచో వారిలో ఎవరు ఎట్టివారో అరగంటలో తెలియును. ఆ పిల్లల తల్లులతోను పరిచయము చేసికొనుడు. మన బిడ్డవలెనే వద్దనదలచిన బిడ్డ ఆ గుంపులో తప్పక ఒకడుండును. వారిద్దఱిని దగ్గఱచేయుట తల్లుల పని.

నాలుగవది చెప్పుటకు కష్టమైనది. “అబ్బాయీ, అంగడికి పోయి నాన్నగారికొక సిగరెట్టు తెమ్ము” అను మాట మన యిండ్లలో వినబడరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టమే చెప్పుచున్నది. బిడ్డను ఆ అంగడికి మొదట పంపినవారము మనమే కాకూడదు.

వీనికన్న ముఖ్యము సాయంకాలములు. ఐస్లాండు అను చిన్న దేశమున 1998లో పదునైదు పదునాఱేండ్ల పిల్లలు నూటికి 42మంది, గడచిన నెలలో మత్తెక్కునట్లు త్రాగితిమని చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగినది. అచ్చటివారు కేవలము భయపెట్టి ఊరకుండలేదు. పిల్లలకు ఆటలును సంగీతమును ఏర్పఱచిరి. తలిదండ్రులు వారితో ఎక్కువకాలము గడపుదుమనియు, రాత్రులందు వెలుపల తిరుగనీయమనియు ఒండొరులకు మాట యిచ్చుకొనిరి. ట్యూషనునుండి ట్యూషనునకు పరుగులు తీయించుచున్న మనము, బిడ్డకు ఆడుకొనుటకు ఒక గంటయు, మనతో భుజించుటకు ఒక పూటయు మిగిల్చితిమా?

ఇంత చేసినను అడుగు జాఱినచో? పెట్టెలో డబ్బు తగ్గుట, కన్నులెఱ్ఱనగుట, నిద్రవేళలు తాఱుమాఱగుట, పాత స్నేహితులు ఒక్కసారిగా మానిపోవుట, ఇవి కలసివచ్చినప్పుడు జాగ్రత్తపడవలయును. ఏదో ఒక్కటి కనబడినంతనే శంకింపరాదు. అప్పుడు మనకు మొదట తోచునది పరువు. ఇంటాయనకు తెలియరాదు, వియ్యంకులకు తెలియరాదు, పెండ్లి కావలసిన పిల్ల యున్నది అని మూతవేయుదుము. మూసినకొలది ఆ పుండు లోలోపల ముదురును. కొట్టి గదిలో పెట్టి తాళము వేసిన కుదురునది కాదు. ఇది వైద్యమునకు లొంగు వ్యాధి. 14446 సంఖ్యకు ఫోను చేసినచో వ్యసనవిముక్తికి సలహా చెప్పుదురు. మనసు క్రుంగినప్పుడు 14416 కలదు. పోలీసులకు వెఱచి దాచవలసిన పని కూడ లేదు. స్వల్పముగా వాడి, తనంత తానుగా వైద్యమునకు వచ్చి దానిని పూర్తిచేసికొన్న వ్యసనపరుని విచారణనుండి తప్పించు వెసులుబాటు మాదకద్రవ్యముల చట్టములోనే కలదు.

అమ్మువాని సంగతి వేఱు. బాలునికి మత్తుపదార్థమో పొగాకో ఇచ్చినవానికి 2015 నాటి బాలల న్యాయచట్టము ఏడేండ్ల వఱకు కఠినశిక్షను, లక్షరూపాయల వఱకు జుల్మానాను విధించుచున్నది. విద్యాలయమునకు నూఱు గజముల లోపల పొగాకు అమ్మరాదు. మన రాష్ట్రమున 2024లో నెలకొల్పిన ఈగల్ దళమునకు 1972 సంఖ్యపై సమాచారము తెలుపవచ్చును. ఒక్కతె పోయి అడిగిన అంగడివాడు నవ్వును; వీథిలోని తల్లులు పదిమంది కలసి పోయిన నవ్వడు. 1992లో నెల్లూరుసీమ దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న గ్రామస్త్రీలు సారాయంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మ పేరు అందువలననే నిలిచినది. ఆ నిప్పు మన చిత్తూరుసీమకును ప్రాకినది. 1993లో సారా నిషిద్ధమైనది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆ నిషేధము సడలిపోయినను, స్త్రీలు కలసి నిలిచిన ఎంతపని జరుగునో లోకము చూచినది.

ఆడపిల్లలకు ఈ బెడద లేదని ఉపేక్షింపకుడు. ఈ మాటలన్నియు వారికిని వర్తించును. ఈ నెలలో ఒక్క పని చేయుడు. మీ బిడ్డ “వద్దు” అనిననాడు, అవును, నాకును వద్దు అని ప్రక్కనుండి పలుకగల రెండవ గొంతు ఎవరిదో కనుగొనుడు. ఆ బిడ్డ తల్లి ఇల్లు ఎచ్చటనో అడిగి తెలిసికొని, రేపే ఒకసారి పోయి రండు.